కొలిచిన గది

మా అక్క పడకగదిలో నేల మీద నాలుగు టేపు ముక్కలు ఇప్పటికీ అంటుకునే ఉన్నాయి. రంగులు వేసేవాళ్ళు గోడ అంచులకి అంటించే కాగితపు టేపు అది. ఒక ముక్క మంచం పక్కన, అక్క కుర్చీకి. దాని పక్కనే ఒకటి బావకి. మూడోది ఉయ్యాలకి. నాలుగోది తలుపు దగ్గర, నాకు. అంటించింది నేనే. అంటించమని నన్నెవరూ అడగలేదు.

నేను చెక్కపని చేస్తాను. ఇళ్ళకి వెళ్ళి కొలతలు తీసుకుని, అల్మారాలూ వంటింటి అరలూ చేసి బిగిస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని కావడంతో నాకొక జబ్బు పట్టుకుంది. ఏ గదిలోకి అడుగుపెట్టినా మనుషుల కంటే ముందు అడుగులూ అంగుళాలూ కనిపిస్తాయి. చావింటికి పరామర్శకి వెళ్ళినా జేబులో కొలత టేపు ఉంటుంది, గుమ్మం ఎత్తు చూసే రకాన్ని. అందుకే అక్క నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది. "ఒరేయ్ టేపూ" అంటుంది. మా వీధిలో సగం మందికి నా అసలు పేరు తెలియకపోవడానికి ఆవిడే కారణం.

ఫోటోలు నాకు సెలవురోజు సరదా. ఆ పిచ్చి నాన్న నుంచి వచ్చింది. మా ఇంట్లో ఫోటోలన్నీ నాన్నే తీశాడు కాబట్టి ఏ ఫోటోలోనూ నాన్న లేడు. ఎప్పుడైనా అమ్మ తీస్తే వాటిలో అమ్మ లేదు, మాకేమో తలకాయలు సగమే ఉండేవి. ఇద్దరూ పోయాక ఒకరోజు నేనూ అక్కా కూర్చుని డబ్బాలన్నీ వెతికాం. నలుగురం కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ దొరకలేదు. మేమంతా ఒకే ఇంట్లో బతికామనడానికి సాక్ష్యం లేదు.

అక్కకి నలభై ఒకటో ఏట మూడోసారి కడుపు నిలిచింది. మొదటి రెండుసార్లూ మూడో నెల దాటలేదు. ఈసారి అయిదో నెల వచ్చేదాకా నాకు కూడా చెప్పలేదు. చెప్పిన రోజున ఒక్కటే అడిగింది.

"నాకు అందరం ఉన్న ఫోటో ఒకటి కావాలిరా టేపూ. నేను, మీ బావ, బిడ్డ, నువ్వు. నాన్నలాగా కెమెరా వెనకాల దాక్కోకు."

"టైమరు పెట్టి పరిగెత్తుకొస్తాలే."

"నీ మోకాళ్ళకి పరుగెందుకురా. ముందు నుంచే ఉండు."

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను. నా కెమెరాతో పాటే వచ్చిన లెన్సు ఒకటుండేది. తిప్పితే దగ్గరిదీ దూరానిదీ రెండూ పట్టేది. చూడ్డానికి మందుల సీసా మూతలా ఉండేది కానీ, ఆ ఫోటో దాంతో సలక్షణంగా వచ్చేది. నాకది చాల్లేదు. మేనకోడలో మేనల్లుడో ఎవరైతే వాళ్ళ మొదటి ఫోటో, ఇలాంటి మూతతోనా అనిపించింది.

వాడిన కెమెరాలూ లెన్సులూ అమ్మే కొట్టు ఒకటుంది. ఆ కొట్టు పెద్దాయన కళ్ళద్దాలకి ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. లోకంలోని అద్దాలన్నీ తుడిచి అమ్ముతాడు గానీ తన అద్దాలు బాగుచేయించుకోడు. నా సంగతి విని నవ్వాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస."

"చూలు ఉందండీ. అయిదో నెల."

"అయితే ఇంకో నాలుగు నెలలు నా బుర్ర తింటారన్నమాట."

తిన్నాను. వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయన టీ తాగి, ఆయన స్టూలు మీద కూర్చుని, కొననివన్నీ కెమెరాకి తగిలించి చూశాను. చివరికి మూడు మిగిలాయి. మిల్లీమీటర్లలో చెప్తే ముప్ఫైఅయిదు, యాభై, ఎనభైఅయిదు. అంకె పెరిగేకొద్దీ లెన్సు మనల్ని దూరంగా నిలబడమంటుంది. ముప్ఫైఅయిదు గదినంతా లోపలికి లాగేస్తుంది, కానీ దగ్గరికెళ్తే మనిషికి ముక్కు పెరుగుతుంది. యాభై మధ్యరకం. ఎవరినీ ఏడిపించదు, ఎవరినీ మురిపించదు. ఎనభైఅయిదు సంగతి వేరు. దానికి చాలా దూరం కావాలి. ఆ దూరం ఇచ్చామా, మొహాన్ని మాత్రం పట్టుకుని, వెనకున్న గోడా కిటికీ సామానూ అన్నిటినీ వెన్నలా కరిగించేస్తుంది. ఇరవై ఏళ్ళుగా గోడలు చూసి విసిగిపోయినవాడికి గోడల్ని మాయం చేసే లెన్సు దొరికింది.

పెద్దాయన మాత్రం యాభై చేతిలో పెట్టాడు.

"ఇంట్లో తీసుకునేవాళ్ళకి ఇదే మేస్త్రీ. పసిపిల్లలున్న గదులు ఇరుగ్గా ఉంటాయి. బట్టలూ, మంచాలూ, వచ్చేపోయే ఆడవాళ్ళూ. వెనక్కి జరుగుదామంటే చోటుండదు."

"గది కొలిచానండీ."

"ఏ గది?"

"మా అక్క గది. అందులో అల్మారా బిగించింది కూడా నేనే. మూల నుంచి మూలకి పదహారడుగులు. తలుపు తీస్తే ఇంకో నాలుగు."

"కొలిచాక ఇంక నేను చెప్పేదేముంది" అని ఆయన యాభైని పెట్టెలో పెట్టేశాడు.

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. నా కుందేలుకి అసలు కాళ్ళే లేవు, అయినా వదల్లేదు. ఎనభైఅయిదు తీసుకుని, పాత లెన్సు మార్పిడి కింద ఆయన బల్ల మీద పెట్టాను.

"అది ఉంచుకోండి మేస్త్రీ. దీనివల్ల నాకు ఒరిగేదీ లేదు, మీకు కలిసొచ్చేదీ లేదు."

"రెండుంటే మనసు రెండు వైపులా లాగుతుందండీ. ఒకటే ఉండాలి."

ఈ మాట నేను చాలా గొప్పగా అన్నాను. కొట్టులో ఇంకో ఇద్దరు విన్నారు కూడా.

తర్వాతి ఆదివారం అక్క గదిలో అభ్యాసం పెట్టుకున్నాం. మూడు కిలోల బరువు వచ్చేలా దిండు లోపల పాత పుస్తకాలు కూరి, తువ్వాలు చుట్టాను. అక్క దానికి పెన్సిల్‌తో కళ్ళు గీసింది. రెండూ మూసుకున్న కళ్ళే.

"తెరిచిన కళ్ళు గియ్యడం నాకు రాదురా. అయినా పుట్టగానే ఎవరు తెరుస్తారు" అంది.

బావ దిండుని ఒళ్ళో పెట్టుకుని నిజంగానే మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు, మాట తక్కువ మనిషి. నేను కెమెరా కంటికి ఆనించుకుని వెనక్కి నడుస్తుంటే, బస్సుని వెనక్కి తీయించినట్టు నన్ను నడిపించాడు.

"రానీ... రానీ... ఎడమకి కొట్టు... రానీ... ఆపు."

సరిగ్గా గుమ్మం ముందు ఆగాను. అక్కడ టేపు అంటించాను.

"అందరం పడ్డామా?" అంది అక్క.

"పడ్డారు."

"దిండు కూడానా?"

"దిండు నిద్రపోతోంది, నువ్వు ఇటు చూడు. నేను చెప్పగానే లెన్సులోకి చూడాలి. పక్కకి చూస్తే ఈ లెన్సు ఊరుకోదు, కన్ను కొంచెం తిరిగినా మసకేస్తుంది."

అక్క బుద్ధిగా నేర్చుకుంది. "ఇటు" అనగానే తల ఎత్తి, నవ్వి, కదలకుండా ఉండేది. ఆఖర్న కెమెరాని స్టాండుకి పెట్టి, టైమరు నొక్కి, కుంటుకుంటూ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. అందులో అందరం ఉన్నాం, దిండుతో సహా.

పాప ఏడో నెల నిండకుండానే పుట్టింది. కిలో మీద కొంచెం. పుట్టగానే గాజుపెట్టెలో పెట్టారు. నేను రోజూ కెమెరా సంచీ భుజాన వేసుకుని ఆస్పత్రికి వెళ్ళేవాణ్ణి. ఫోన్లు బయట అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. కెమెరాకి మాత్రం అక్క డాక్టరమ్మని బతిమాలి ఒప్పించింది, అయినా నేను సంచీ విప్పలేదు. పాప ముక్కులో గొట్టం, అది కదలకుండా బుగ్గల మీద తెల్ల టేపు. నేను పనిలో వాడే టేపులో సగం వెడల్పు ఉంటుంది. అక్క చక్రాల కుర్చీలో కూర్చుని దాన్నే చూసేది.

"ఆ టేపు తీశాక తీద్దువుగాని" అంది రెండోరోజు. "మొహం కనపడాలి కదా."

నాలుగోరోజు పాపకి జ్వరం వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అయిదోరోజు మూత్రం ఆగిపోయింది. ఆరోరోజు మధ్యాహ్నం డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టి, గొట్టం వల్ల పాపకి బాధ తప్ప ఇంకేమీ లేదని చెప్పింది. తీసేస్తే కొద్ది నిమిషాలు ఉంటుందట. ఆ కొద్దిసేపూ పెట్టెలో కాకుండా మీ చేతుల్లో ఉంటుందంది.

అక్క ఏడవలేదు. బావ వైపు చూసింది, బావ తల ఊపాడు. తర్వాత నా వైపు తిరిగింది.

"కెమెరా తెచ్చావా?"

"తెచ్చాను."

"అందరం" అంది. అంతే అంది.

మమ్మల్ని పక్కనున్న చిన్న గదికి తీసుకెళ్ళారు. తలుపు తీయగానే నాకు తెలిసిపోయింది. నా జబ్బు నాకు ముందే చెప్పేసింది. నిలువు ఏడడుగులు, అడ్డం ఆరు. గోడకి ఆనించి ఇద్దరు కూర్చునే సోఫా, అది రెండున్నర తినేస్తుంది. ఎదురుగా చేతులు కడుక్కునే తొట్టి ఒకటిన్నర. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. నాకు మిగిలింది మూడడుగులు, వీపుని తొట్టి పక్క గోడకి అదిమితే నాలుగు. నా లెన్సుకి పన్నెండు కావాలి.

అక్క, బావ సోఫాలో కూర్చున్నారు. నర్సమ్మ పాపని తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. టేపు తీసేశారు. బుగ్గల మీద ఆ గీతలు ఎర్రగా ఉన్నాయి. పాప గడ్డం అచ్చం మా నాన్నదే. ఎవరూ ఆ మాట అనలేదు గానీ ముగ్గురం చూశాం.

నర్సమ్మ చేతిలో వార్డు ట్యాబు ఉంది. ఇలాంటి గదుల్లోకి రోజూ వచ్చే మనిషి, ఆవిడకి తెలుసు.

"మీరు కూడా వెళ్ళి పక్కన కూర్చోండి సార్. దీంతో నేను తీస్తాను, నలుగురూ వస్తారు. తర్వాత పంపిస్తాను" అంది.

"అక్కర్లేదు సిస్టర్" అన్నాను. "నా దగ్గర మంచిది ఉంది."

ఎందుకన్నానో నాకు తెలుసు, దాచుకోవడం ఎందుకు. వారాల తరబడి తిరిగి ఎంచుకున్నాను, పాత లెన్సుని వదిలేశాను, అక్కకి ఎటు చూడాలో నేర్పాను. ఇప్పుడు ఎవరో ట్యాబుతో టక్కున తీసేస్తే నేనెందుకు? ఆ చిన్న గదిలో, ఆ సమయంలో, నాకు పొగరు అడ్డొచ్చింది. నర్సమ్మ కొద్దిసేపట్లో వస్తానని వెళ్ళబోయింది.

"సిస్టర్, తలుపు తీసి ఉంచితే నేను వరండాలోకి జరుగుతాను."

"బయట వేరేవాళ్ళు వాళ్ళ పాపని ఇంటికి తీసుకెళ్తున్నారు సార్. మూసి ఉంచితేనే మంచిది" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

కెమెరా కంటికి ఆనించుకున్నాను. అక్క మొహం ఒక్కటే కనిపించింది, చెంప నుంచి చెంపకి. వెనక్కి అడుగేశాను. ఇంకో అడుగు. గోడ వీపుకి ఠప్పున తగిలింది. బావ తలెత్తాడు. ఈసారి రానీ అనలేదు. "ఆపు" అన్నాడు మెల్లగా, అలవాటు మీద.

అయినా అక్క మొహం, మహా అయితే ఒక భుజం. కిందికి దించితే పాప, అప్పుడు అక్క లేదు. పక్కకి తిప్పితే బావ చెవి. అప్పటికైనా బయటికి పరిగెత్తి ఆ నర్సమ్మని పిలవాల్సింది. పిలవలేదు. అక్కర్లేదన్న మాట ఇంకా ఆ గదిలోనే ఉంది.

"ఇటు చూడక్కా" అన్నాను.

అక్క పాప మీద నుంచి తల ఎత్తింది. నేర్పినట్టే లెన్సులోకి చూసి, నేర్పినట్టే నవ్వింది. ఆ నవ్వు ఎలా తెచ్చుకుందో నాకు తెలియదు. నేను ఆవిడ కంటి మీదికి లెన్సు సరిచేసుకుంటున్నాను. "అలాగే ఉండు. కదలకు. ఇటే." ఒకటి తీశాను. మసకేసింది. "ఇంకోసారి అక్కా, ఇటే." అక్క ఇటే చూసింది. ముక్కలు ముక్కలుగా తీస్తే తర్వాత అతికించొచ్చని బుర్రలో లెక్క వేసుకుంటున్నాను. చెక్కపనివాడి బుర్ర కదా, దేన్నైనా అతికించొచ్చనుకుంటుంది.

"అందరం పడ్డామా?" అంది అక్క, పెదవులు కదలకుండా.

"పడ్డారక్కా."

"అయితే నువ్వూ రా."

"ఒక్క నిమిషం. ఇంకొక్కటి తీసి వస్తాను."

ఆ నిమిషంలో పాప చెయ్యి ఫోటో తీశాను, అక్క చూపుడువేలి చుట్టూ ఉన్నది. తర్వాత తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ వంగి పాప ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, చాలాసేపు విని, గోడ గడియారం చూసింది. నేను ఇంకా గోడకి ఆనుకునే ఉన్నాను.

తర్వాతి నెలన్నర అక్క ఫోటో అడగలేదు. నేను ఆ రోజు తీసిన ఏడు ముక్కలూ తీసుకుని పెద్దాయన కొట్టుకి వెళ్ళాను. ఆయన కంప్యూటర్లో వాటిని పక్కపక్కన పేర్చి, తిప్పి, మళ్ళీ పేర్చాడు. అక్క భుజానికీ బావ భుజానికీ మధ్య ఖాళీ ఉంది. పాప తల ఒక ముక్కలో ఒక పక్కకి, ఇంకో ముక్కలో మరో పక్కకి ఉంది.

"కలవవు మేస్త్రీ" అన్నాడు.

ఏ గది అని ఆ రోజు అడిగింది ఈయనే. ఇప్పుడా మాట ఎత్తలేదు. నా పాత లెన్సు వెనక అరలో అలాగే ఉంది, ఎవరూ కొనలేదు. దాన్ని చూడకుండా బయటికి వచ్చాను.

నిన్న అక్క ఫోన్ చేసి, ఫోటో తీసుకురమ్మంది. ఏడు ముక్కలూ కాగితం మీద వేయించి, కవర్లో పెట్టుకుని వెళ్ళాను. దిండు ఫోటో ఇంట్లోనే వదిలేశాను. అందరం ఉన్నది అదొక్కటే.

అక్క పడకగదిలో కుర్చీలో కూర్చుంది. టేపు మీదే ఉంది కుర్చీ. బావ డ్యూటీకి వెళ్ళాడు. ఉయ్యాల ముక్క మీద ఇప్పుడు బట్టల బుట్ట ఉంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. అక్క కవరు విప్పి, ముక్కల్ని ఒక్కొక్కటే ఒళ్ళో పరుచుకుంది. చెయ్యి. గడ్డం. బావ చెవీ దవడా. పాప మూసుకున్న కన్ను, ఒక్కో రెప్పవెంట్రుకా లెక్కపెట్టొచ్చు. లెన్సు మంచిదే.

"అందరం ఉన్నది ఏదిరా?"

"లేదక్కా." కాళ్ళ కింద టేపు చూశాను. "ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. ఆ గదిలో చోటు లేదు. సిస్టర్ తీస్తానంటే నేనే వద్దన్నాను."

"తెలుసు. నీ వీపు గోడకి తగలడం విన్నాను."

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను. నీ మొహం చూశాను."

తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అక్క మళ్ళీ మొదటి నుంచి ఒక్కో ముక్కా తీసి చూసింది, ఈసారి దేనికోసమో వెతుకుతున్నట్టు.

"కళ్ళు తెరిచి ఉన్నది ఏదైనా ఉందా?"

"లేదు. అన్నిట్లోనూ మూసుకునే ఉంది."

అక్క తన మొహం ఉన్న ముక్కని చేతిలోకి తీసుకుంది. అందులో ఆవిడ నవ్వుతోంది. రెండు కళ్ళూ సూటిగా లెన్సులోకి, ఎక్కడా మసక లేదు. నా జీవితంలో అంత బాగా ఎవరి ఫోటో తీయలేదు.

"ఒక్కసారి తెరిచిందట. మీ బావ చూశాడు, మొన్న చెప్పాడు" అంది. "నా మొహంలోకే చూసిందట. నువ్వు ఇటు చూడమన్నావు కదా, నేను నీ వైపు చూస్తున్నాను."

ముక్కలన్నీ వరసగా కవర్లో పెట్టి, అంచు మడిచింది. నేను నా టేపు ముక్క మీదే నిలబడి ఉన్నాను. నా వెనక తలుపు తీసే ఉంది, ఇంకా నాలుగడుగుల చోటుంది.